తెల్ల క్వార్ట్జ్ మీద మెరిసే రేకులు: మాలిబ్డినైటా, గ్రాఫైటా?

రాళ్లపెట్టె_హన్మకొండ:
అన్నలూ, ఆన్‌లైన్ల ఒక స్పెసిమెన్ కొన్న. నిమ్మకాయంత క్వార్ట్జ్ ముక్క, దాని మీద ఆరు మూలల బూడిదరంగు రేకులు. చీటీ మీద ‘మాలిబ్డినైట్, వుల్ఫ్రామ్ క్యాంప్, ఆస్ట్రేలియా’ అని ఉంది. మాలిబ్డినైట్ అంటే మాలిబ్డినమ్ లోహం దొరికే ఖనిజమట. గోరు ఆనితే గీత పడుతుంది, వేలికి నల్లగ అంటుతుంది. పెన్సిల్ ముల్లుల ఉండే గ్రాఫైట్ గూడ ఇట్లనే ఉంటది గదా, తేల్చుకునుడెట్ల? రాలిన చిన్న రేకు ఒకటి కవర్ల ఉంది.

ఖనిజాల_సంచి:
ముందుగాల గోరు పెట్టుడు ఆపు. రెండూ మెత్తనివే, గోరుతోని ఏదీ తేలదు, ఉన్న మెరుపు పోతది.

రాలిన రేకు చాలు. తెల్ల పింగాణి కప్పు మీద, నున్నటి గ్లేజ్ ఉన్నకాడ, గీయి. ఆ గీతనే ఇంకో పింగాణి పెంకుతోని రుద్ది పగటి వెలుతురుల చూడు. మాలిబ్డినైట్ అయితే ఆకుపచ్చ ఛాయ వస్తది, గ్రాఫైట్ నల్లగనే ఉంటది. కాయితం మీద గీస్తే తేడా సరిగ్గ కనవడదు. ట్యూబులైటు కింద అసలే చూడకు.

గోదారిఖని_గని:
సాంద్రత గూడ చూడొచ్చు. మాలిబ్డినైట్ 4.7 దాకా, గ్రాఫైట్ 2.2 దగ్గర. బంగారం తూచే చిన్న కాంటా, గిలాసెడు నీళ్లు చాలు.

ఖనిజాల_సంచి:
విడి ముక్క రెండు మూడు గ్రాములుంటే సరే. 3.20 గ్రాముల మాలిబ్డినైట్ నీళ్లల్ల వేలాడదీస్తే బరువు 0.68 గ్రాముల మేర తగ్గాలె, గ్రాఫైట్ అయితే 1.45. కానీ ఇక్కడ రాయంతా క్వార్ట్జే, దాని 2.65ఏ వస్తది. పైగా ఈ రేకులకు నీళ్లు అంటవు. గాలిబుడగలు పట్టుకుంటే లెక్క ఇంకా తక్కువ చూపిస్తది. గనుల్ల నురుగుతోని మాలిబ్డినైట్‌ను తేల్చి తీసేది ఈ గుణంతోనే.

మల్టీమీటర్ ఉంటే అది మేలు. రెండు మొనలూ ఒకే రేకు మీద, ఒత్తకుండ, ఆనించు. గ్రాఫైట్ కొద్ది ఓమ్‌లే చూపిస్తది. మాలిబ్డినైట్ సెమీకండక్టర్, చాలా ఎక్కువ వస్తది. మొన సరిగ్గ ఆనకపోయినా ఎక్కువే చూపిస్తది గనుక పెన్సిల్ ముల్లు మీద ముందు చూసుకో.

రాళ్లపెట్టె_హన్మకొండ:
కప్పు మీద ఆకుపచ్చే వచ్చింది. మీటర్ల కిలో ఓమ్‌లు. అంటే చీటీ నిజమేనా? వానాకాలం దాచుడెట్ల?

ఖనిజాల_సంచి:
ఖనిజం పేరు నిజమే. ఊరు పేరును ఏ కప్పూ చెప్పదు, అది అమ్మినోళ్ల మాట. ఇంకా అనుమానముంటే ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలు పంపి ఖనిజాన్ని గుర్తుపట్టే పరీక్ష) ఉంది, ఎన్ఐటీ మెటలర్జీల తెలిసినోళ్లుంటే అడుగు. రాగి ట్యూబు ఎక్స్‌రేతోని గీసే గ్రాఫుల మాలిబ్డినైట్ పెద్ద శిఖరం 14.4 డిగ్రీల కాడ, గ్రాఫైట్‌ది 26.5 కాడ వస్తది.

గోదారిఖని_గని:
దాచేటప్పుడు దూది పెట్టకు. పోగులు రేకు అంచుకు చిక్కి, తీసేటప్పుడు పొరనే లేపుతయి. బ్రష్, గుడ్డ గూడ వద్దు, కెమెరా లెన్సుకు గాలి ఊదే రబ్బరు బుడ్డి చాలు. అక్రిలిక్ డబ్బల అతికే పుట్టి పెట్టి నిలబెట్టు, పుట్టి క్వార్ట్జ్‌కే తగలాలె.

తేమతోని మాలిబ్డినైట్‌కు పెద్ద భయం లేదు. పక్కన పసుపు మెరుపుల పైరైట్ ఉంటేనే చూసుకోవాలె, అది తేమకు పొడైతది, ఆమ్లం వదుల్తది. సిలికా జెల్ పొట్లం వేసి, రంగు మారితే మార్చు.

రాళ్లపెట్టె_హన్మకొండ:
రాలిన రేకు మళ్ల అతికియ్యొచ్చా? ఫెవిక్విక్ ఉంది.

ఖనిజాల_సంచి:
ఫెవిక్విక్ వద్దు, చుట్టూ తెల్ల పొగలెక్క పేరుకుంటది. అసిటోన్‌ల కరిగించిన ప్యారలాయిడ్ బీ-72 (అక్రిలిక్ జిగురు) సూది మొనంత పెట్టు, వద్దనుకుంటే అసిటోన్‌తోనే ఊడుతది. అతికించినట్టు చీటీ మీద రాయి, రేపు అమ్మితే కొనేటోళ్లకు తెలియాలె.