ఐడిల్ 1400 దగ్గరే ఆగిపోయింది: స్క్రూ తిప్పాలా, లీక్ వెతకాలా?

పాతబండి: 20 ఏళ్ల పెట్రోల్ కారు, ఇంజెక్షన్ ఇంజిన్. బాగా వేడెక్కాక కూడా ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) 1400 నుంచి దిగడం లేదు. ఒక్కోసారి 900కి పడి మళ్లీ ఎగురుతోంది. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే మూత) స్క్రూ కాస్త విప్పితే సరిపోతుందా?

నలభైఏళ్లస్టీరింగ్: సరిపోతుంది. పావు చుట్టు విప్పండి. ఎన్ని బళ్లకు చేశానో లెక్కలేదు.

గ్రీజుచేతులు: దయచేసి ఆ స్క్రూ ముట్టుకోవద్దు. అది థ్రాటిల్ ప్లేటు పట్టేయకుండా ఫ్యాక్టరీలో సెట్ చేసింది. ఇంజెక్షన్ బండిలో ఐడిల్ చూసుకునేది కంప్యూటర్. మీ ఇంజిన్‌లోకి గాలి ఎక్కడో దొంగదారిన దూరుతోంది. ఐడిల్‌లో ఉండగా బ్రేక్ బూస్టర్ హోస్ (ఇంజిన్ నుంచి బ్రేక్ వైపు వెళ్లే రబ్బరు గొట్టం), పీసీవీ హోస్ (ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే గొట్టం) ఒక్కొక్కటే మెల్లగా నొక్కి చూడండి. దేన్ని నొక్కితే ఆర్‌పీఎం బాగా పడుతుందో అనుమానం దానిమీదే. ఫ్యాన్‌కి చేతులు దూరంగా ఉంచండి.

క్లచ్‌వైర్: ముందు యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుందేమో చూడండి.

రేడియేటర్: కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ పాడైనా ఇంతే. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఐడిల్ దించదు.

నలభైఏళ్లస్టీరింగ్: మళ్లీ సెన్సరేనా! మా అమ్మాయి కారుకి ఇలాగే వస్తే ఒక మెకానిక్ మూడు సెన్సర్లు మార్చాడు. ఐడిల్ అలాగే ఉంది. చివరికి నేను స్క్రూ తిప్పాకే దిగింది.

గ్రీజుచేతులు: సెన్సర్ మార్చమని నేనెక్కడన్నాను? హోస్ నొక్కమన్నాను. మీరు స్క్రూలు తిప్పి నేర్చుకున్నది ఇంజెక్షన్ రాకముందు కార్బొరేటర్ బళ్ల మీద కదా? సరే, మీ అమ్మాయి కారు ఇప్పుడెలా ఉంది?

నలభైఏళ్లస్టీరింగ్: పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆగిపోతోంది. ఏసీ వేసినా అంతే. అది వేరే సంగతి.

గ్రీజుచేతులు: వేరే సంగతి కాదండీ! లీక్ అలాగే ఉంది, మీరు ఇంజిన్‌కి సరైన గాలి తగ్గించారు. చల్లటి ఇంజిన్‌కి ఎక్కువ గాలి కావాలి, అది అందక ఆగిపోతోంది.

నలభైఏళ్లస్టీరింగ్: అరవకండి. పరీక్ష చేస్తామనే ఆ మెకానిక్ కూడా మొదలుపెట్టాడు. రెండు వారాలు బండి ఇవ్వలేదు. స్క్రూ అయితే నా చేతిలో పని, ఇంకొకరిని నమ్మక్కర్లేదు.

గ్రీజుచేతులు: కోపంగా రాశాను, క్షమించండి. నేను చెప్పేది కూడా మీ చేతిలో పనే. మీరే నొక్కండి, మీరే చూడండి.

పాతబండి: ఇప్పుడే చూశాను. బూస్టర్ హోస్ నొక్కితే తేడా లేదు. పీసీవీ హోస్ నొక్కగానే 850కి దిగింది! అద్దం పెట్టి చూస్తే వంపు దగ్గర అడుగున రబ్బరు పగిలి ఉంది. స్క్రూ ముట్టుకోలేదు.

నలభైఏళ్లస్టీరింగ్: ఆ పగులు ఫొటో పెట్టండి. అమ్మాయి కారులో కూడా ఆ వంపు కిందివైపే ఉంటుంది.