ఉమ్మడి తోటకి బడిపిల్లలు, వనభోజనాల జనం వస్తున్నారు: పనివాళ్లకి రక్షణ శిక్షణ ఎలా ఇవ్వాలి?

కొబ్బరితోట12

అమలాపురం దగ్గర నాలుగెకరాల ఉమ్మడి తోట అండీ. కొబ్బరి, అంతరపంటగా అరటి, కోకో. ఓ మూల చేపల చెరువు, ఆరు గేదెలు, నాటుకోళ్లు. పనివాళ్లు 12 మంది, శని ఆదివారాల్లో వాలంటీర్లు 8 మంది. బడుల నుంచి విడతకి 40, 50 మంది పిల్లలు వస్తారు. నెలకోసారి దివ్యాంగుల బృందం ఒకటి వస్తుంది, అందులో పెద్దవాళ్లూ ఉంటారు. కార్తీకంలో వనభోజనాల జనం సరేసరి. ప్రహరీ లేదు. మధ్యలోంచి పుంత, అంటే ఊరివాళ్లు నడిచే దారి, పోతుంది, దాన్ని మూయలేం.

సగం మందికి చదువు రాదు, వాళ్లకి శిక్షణ ఎలా ఇవ్వాలి? కొత్త మొహం కనపడితే మర్యాద చెడకుండా ఎలా ఆపాలి? ఎవరైనా పిల్లో పిల్లాడో తనకి జరిగింది చెప్పుకుంటే, ముందు కమిటీ అధ్యక్షుడికి చెప్పాలా, బడికా, పోలీసులకా?

కాలవగట్టు

మూడో ప్రశ్న ముందు తీసుకుంటానండీ, అందరూ తడబడేది అక్కడే. 18 ఏళ్లలోపు వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న భయం ఉన్నా పోలీసులకి చెప్పి తీరాలి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అది. అధ్యక్షుడికి చెప్పేశాం, మా పని అయిపోయింది అంటే కుదరదు, విన్న మనిషి మీద కూడా బాధ్యత ఉంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదని అదే 19వ సెక్షన్‌లో ఉంది. పనివాళ్లకి ఈ ముక్క గట్టిగా చెప్పండి, వాళ్లు నోరు విప్పకపోవడానికి అసలు కారణం ఆ భయమే.

విన్నప్పుడు ఏం చెయ్యాలంటే, చాలా తక్కువ. ‘చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు’ అనాలి, అంతే. ‘ఎవరికీ చెప్పనులే’ అని మాటివ్వకూడదు, నిలబెట్టుకోలేం. ‘ఫలానా ఆయనేనా? ఇక్కడ పట్టుకున్నాడా?’ అని అందివ్వకూడదు, రేపు కోర్టులో ఆ మాటలు పిల్ల నోట్లో మీరు పెట్టినవే అవుతాయి. పిల్ల వాడిన మాటల్నే, మొరటుగా ఉన్నా సరే, తేదీ, టైముతో రాసి సంతకం పెట్టాలి. రాయడం రానివాళ్లు వెంటనే తోటలో పిల్లల రక్షణ చూసే బాధ్యురాలి చేత రాయించాలి. ఆ రోజే 112కో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో ఫోన్ చెయ్యాలి, 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది. అనుమానం ఉన్న మనిషిని పిలిచి నిలదీయొద్దు. పిల్లని బెదిరించడానికీ, ఫోన్లో ఉన్నది చెరిపేయడానికీ మీరే గడువు ఇచ్చినట్టవుతుంది.

గోదారిపాఠం

శిక్షణ సంగతి. చదువు రాకపోవడం అడ్డే కాదు, కాగితాలు పంచితేనే అడ్డు. పని ముగిశాక మధ్యాహ్నం గంటన్నర చాలు, ఆ గంటన్నరకి కూలి కట్టివ్వండి. లేకపోతే సగం మంది రారు, వచ్చినవాళ్లు గడియారం చూస్తారు. పది నిమిషాలు మాటలు, మిగతాదంతా ఆడి చూపించడమే. నాలుగు సన్నివేశాలు సరిపోతాయి.

సాయంత్రం బండి మీద ఒకాయన వచ్చి ‘నేను పిల్ల మావయ్యనండీ, తీసుకెళ్లమన్నారు’ అంటాడు. పిల్ల కూడా ‘మావయ్యే’ అంటుంది. అయినా పంపకూడదు. బడి ఇచ్చిన జాబితాలో పేరుండాలి, లేదా టీచరు తన దగ్గరున్న తల్లిదండ్రుల నంబరుకి ఫోన్ చెయ్యాలి, ఆయన ఇచ్చిన నంబరుకి కాదు. రెండోది: చిన్నపిల్ల బట్ట పాడుచేసుకుంది. మార్చేది వాళ్ల టీచరమ్మే, మనవాళ్లు నీళ్లు అందించి బయట నిలబడాలి. మూడోది కాస్త సున్నితం. ఒక వాలంటీరు ఒకే పిల్లాడికి జామకాయలు దాచిపెట్టడం, ఫోన్ నంబరు తీసుకోవడం, ‘మనిద్దరి మధ్యే’ అనడం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ముద్దు చేస్తున్నట్టే ఉంటుంది, మూడూ కలిస్తే బాధ్యురాలి చెవిన పడాలి. నాలుగోది, పైన కాలవగట్టు గారు రాసిన సన్నివేశమే. ఇది మాత్రం ప్రతి ఒక్కరూ ఒకసారి విన్నవాళ్లుగా చెయ్యాలి. తల ఊపి ‘అర్థమైందండీ’ అన్నవాళ్లే ఆడేటప్పుడు ‘అయ్యో, ఎవరమ్మా వాడు?’ అని మొదలెడతారు.

ఒక్క పెద్దమనిషి ఒక్క పిల్లతో కనపడని చోట ఉండకూడదు. కోకో చెట్లు గుబురుగా ఉంటాయి, లోపల ఏం జరుగుతుందో గట్టు మీదికి కనపడదు. దారి పక్కన రెండు వరసల కొమ్మలు కత్తిరిస్తే సగం సమస్య తీరుతుంది. పశువుల పాక తలుపులు తెరిచే ఉంచండి. ఏటా ఒకసారి పెట్టండి, మధ్యలో చేరినవాళ్లకి మొదటి రోజే.

పుంతదారి

కొత్త మొహాన్ని ఆపడానికి కొత్త మర్యాద నేర్పక్కర్లేదండీ. ‘ఏవండీ, ఎవరి తాలూకండీ?’ అని మనవాళ్లు ఎలాగూ అడుగుతారు. అడిగి వదిలేయకుండా, గేటు దాకా తోడెళ్లి అప్పగించి రావడమే నేర్పాలి. జవాబు చెప్పకుండా తప్పుకునేవాడి వెంటపడొద్దు. బండి నంబరు చూసుకుని బాధ్యురాలికి ఫోన్ చేస్తే చాలు.

పుంత మీద నడిచేవాళ్లు సందర్శకులు కారు, వాళ్లని ఆపే హక్కు మీకు లేదు. పుంత నుంచి తోటలోకి దిగే చోట్ల మాత్రం పసుపు తాడు కట్టి, ఒకే ఒక్క దారి వదలండి. మరుగుదొడ్లు పుంత వైపు ఉంటే మీ అసలు తలనొప్పి అదే. తలుపులు తోట లోపలికి తిరగాలి, గడియ లోపల ఉండాలి, అందేంత ఎత్తులో.

రిజిస్టరు పుస్తకం వద్దంటాను. తెరిచి పెట్టిన పుస్తకంలోంచి ఆడపిల్లల ఫోన్ నంబర్లు ఎత్తుకుపోవడం ఎంతసేపు! విడి చీటీలు, తాళం పెట్టె. మనిషికో అంకె వేసిన బిళ్ల, మెడలో వేసుకునేది: బడి టీచర్లకి ఆకుపచ్చ, వాలంటీర్లకి నీలం, మిగతావాళ్లకి ఎరుపు. రాత్రి బిళ్లలు లెక్కపెడితే ఎవరు ఇంకా లోపలున్నారో తెలిసిపోతుంది. ‘వెళ్లిన టైము’ గడి ఎవరూ నింపరు.

కార్తీక ఆదివారాల్లో బడి విడతలు పెట్టొద్దు. వనభోజనాల వాళ్లు తమ వంటవాళ్లతో, తమ స్నేహితులతో వస్తారు, ఎవరెవరో వాళ్లకే తెలీదు. ఫోటోల విషయం: బడి ముందే రాసివ్వాలి, వద్దన్న పిల్లల చొక్కాకి చిన్న రిబ్బను. బస్సు వెళ్లాకే పోస్టు చెయ్యండి, పిల్ల పేరూ ఊరూ లేకుండా.

నాటుకోడి

అందరూ దుర్మార్గుడి గురించే రాశారు. సరే. కానీ మన డెల్టాలో పిల్లల్ని ముందు మింగేది నీళ్లు. వాన పడిన నల్లమట్టి గట్టు సబ్బులా జారుతుంది. చెరువు గట్టుకి 3 మీటర్ల ఇవతల తాడు కట్టండి, గాలి నింపిన ట్యూబుకి 15 మీటర్ల తాడు కట్టి ఒక పొడవాటి వెదురుతో పాటు అక్కడే వేలాడదియ్యండి. పిల్లాడు పడితే దూకొద్దు, పట్టుకోమని అందించాలి, ఇదీ ఆడించి చూపాల్సిందే. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటరు ఉంటే పిల్లలున్నంతసేపూ కరెంటు ఆపాలి, లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉండాలి.

కొబ్బరి దింపు రోజున ఎవరినీ రానివ్వొద్దు. ముందురోజు ఎండుమట్టలు లాగించెయ్యండి. చెరువు దగ్గర అయిదుగురికొక పెద్దమనిషి, మిగతాచోట ఎనిమిది మందికొకరు. బస్సు దిగగానే, చెరువుకి ముందు, చెరువు తర్వాత, బస్సెక్కాక, ఇలా నాలుగుసార్లు లెక్కపెట్టి పలక మీద రాయాలి. గేదెల్ని, కోళ్లని ముట్టుకున్నాక సబ్బు, కొళాయి నీళ్లు, 20 సెకన్లు. పేడ అంటిన చేతికి శానిటైజరు పనిచెయ్యదు. పాము కాటుకి తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, కాలు కదలనివ్వకుండా 108.

కొబ్బరితోట12

అందరికీ థాంక్సండీ. రెండు మిగిలాయి. వాలంటీర్లకి పోలీసు వెరిఫికేషన్ అడిగితే నొచ్చుకుంటున్నారు. ఏదైనా వస్తే ముందు పెద్దమనుషుల్లో పెట్టి చూద్దామని కమిటీలో ఒకాయన పట్టుబడుతున్నారు.

కాలవగట్టు

ఆయనకి 21వ సెక్షన్ చదివి వినిపించండి. ఈ నేరంలో రాజీ కుదిర్చే అధికారం ఏ రచ్చబండకీ లేదు. మాట్లాడుకుంటూ గడిపే నాలుగు రోజుల్లో సాక్ష్యం పోతుంది, పిల్ల మాట మారిపోతుంది, ఊరి వాట్సాప్ గ్రూపులో పేరు తిరుగుతుంది. పిల్ల ఎవరో మీడియాలో తెలిసేలా చెయ్యడం 23వ సెక్షన్ కింద విడిగా నేరం.

పిల్లలతో తరచూ మసిలే సంస్థలు తమ సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాల్లోనే ఉంది. వాలంటీర్లనీ అదే వరసలో పెట్టి, మొదటి దరఖాస్తు అధ్యక్షుడిదే అయితే నొచ్చుకోవడానికి ఏముండదు. అయితే పోలీసు కాగితం కేసు నమోదైన సంగతే చెబుతుంది. అంతకుముందు పనిచేసిన రెండు చోట్లకి ఫోన్ చేసి ‘మళ్లీ పిల్లల దగ్గర పెట్టుకుంటారా?’ అని అడగండి. జవాబుకి ముందు ఎంతసేపు ఆగారో కూడా వినండి.

పనివాళ్లు 10 మందికి మించారు కాబట్టి 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ కూడా వెయ్యాలి: అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి సభ్యులు ఒకరు. రోజుకూలీలూ వాలంటీర్లూ ఆ లెక్కలోకే వస్తారు. దివ్యాంగుల బృందంలో 18 దాటినవాళ్లకి పోక్సో వర్తించదు. వాళ్ల మీద హింస జరిగితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి ఎవరైనా చెప్పొచ్చు, మన దగ్గర తహసీల్దారు గారికి ఆ హోదా ఉంటుంది. అత్యవసరమైతే 112, ఆడవాళ్లకి 181. ఈ నంబర్లు గేటు దగ్గర, మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు, పిల్లల కంటికి ఆనే ఎత్తులో రాయించండి. ఫ్లెక్సీ వద్దు, ఒక్క గాలివానకి పోతుంది. గోడ మీద రంగుతో రాయించండి.