అప్‌డేట్: మేనత్తగారి సింగర్ 221 కుట్టుమిషన్ మళ్ళీ కుడుతోంది

మేనత్తగారు అమెరికా నుంచి తెచ్చిన సింగర్ ఫెదర్‌వెయిట్ 221 కుట్లు వదిలేస్తోందని, దానిని మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలించవచ్చా అని ఇంతకుముందు అడిగాను. అలా తగిలించవద్దని మీరు హెచ్చరించడంతో 110 వోల్టులకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌ను పూర్ణా మార్కెట్ దగ్గర కొని, దాని ద్వారానే నడుపుతున్నాను. కుట్లు తప్పడానికి కారణం మాత్రం నవ్వు తెప్పించేంత చిన్నది: ఈ నమూనాలో సూది చదును వైపు ఎడమకు ఉంచి, దారాన్ని కుడి నుంచి ఎడమకు ఎక్కించాలి; నేను రెండూ తిరగేశాను. విశాఖ ఉప్పుగాలికి అల్యూమినియం ఒళ్ళు చెక్కుచెదరకపోయినా ఉక్కు మరలు కొన్ని తుప్పుపట్టాయి, వాటికి మిషన్ నూనె పట్టిస్తున్నాను. జిగ్‌జాగ్ లేదు, తిన్నని కుట్టు ఒక్కటే. అయినా సుమారు అయిదు కిలోల బరువుతో, ఎడమవైపు పలక పైకి మడిచి పెట్టెలో సర్దుకొనే దీనిని అమ్మే ఆలోచన మానుకున్నాను.