ఫోన్ జనానికి ఆయుధమా, సర్కారుకు సంకెలా? (చైనా హెల్త్ కోడ్ సంగతి)

గోదారిగట్టు:
2011లో ఈజిప్టు జనం ఫేస్‌బుక్‌లో కూడగట్టుకుని నియంతను దించడం చూసి, ఫేస్‌బుక్ ఉంటే చాలు నియంతల పని అయిపోయినట్టేనని ఎగిరినవాణ్ణి నేను. ఇప్పుడా మాట అనలేను. చైనాలో 2022లో హెనాన్ ప్రావిన్స్‌లోని కొన్ని గ్రామీణ బ్యాంకులు ఖాతాదారుల డబ్బు ఆపేశాయి. జూన్‌లో నిలదీద్దామని జెంగ్‌జౌ వెళ్లినవాళ్లు క్యూఆర్ స్కాన్ చేయగానే ఫోన్‌లో కోవిడ్ హెల్త్ కోడ్ (మనిషికి కోవిడ్ ముప్పు ఉందో లేదో రంగుతో చూపించే గుర్తు) ఎర్రబడింది. అప్పట్లో ఎర్రబడితే రైలెక్కనిచ్చేవారు కాదు, హోటల్లోకి రానిచ్చేవారు కాదు. ఒంట్లో ఏ జబ్బూ లేదు, బ్యాంకులో డబ్బుండటమే జబ్బు! అలా 1,317 మంది. వాళ్లలో 871 మంది అసలు ఆ ఊరే వెళ్లలేదు, ఎవరో పంపిన క్యూఆర్ బొమ్మను స్కాన్ చేశారంతే. ఇక లాఠీతో పనేముంది?

పాత చందాదారు:
సగం కథే చెప్పారు గురువుగారూ. ఆ 1,317 లెక్క మీకెలా తెలిసింది? బాధితులు స్క్రీన్‌షాట్లు నెట్‌లో పెట్టి గోల చేస్తే, జెంగ్‌జౌ అధికారులే విచారించి చెప్పిన లెక్క అది. ఐదుగురు అధికారులకు శిక్ష కూడా పడింది. జూలై 10న మళ్లీ జనం పోగయ్యారు, తన్నులు తిన్నారు, అంటే లాఠీతో పని పడింది కదా. ఆ వీడియోలు ప్రపంచమంతా తిరిగాక, మర్నాడే 50 వేల యువాన్ల లోపు ఖాతాలకు ముందుగా చెల్లిస్తామని ప్రకటించారు. ఫోన్ లేకపోతే ఈపాటికి ఆ డబ్బు గోవిందా.

గోదారిగట్టు:
ఆ ఐదుగురూ ఊరి స్థాయి వాళ్లు. బీజింగ్‌కు చీమ కుట్టిందా? పైగా కింద ఎవడు అతి చేస్తున్నాడో పైసా ఖర్చు లేకుండా పైవాళ్లకు తెలిసింది. హార్వర్డ్‌లో గ్యారీ కింగ్ బృందం 2013లో తేల్చిందీ దాదాపు ఇదే: నాయకుల్ని తిట్టిన పోస్టులు చాలావరకు ఉంటాయి, జనాన్ని కదిలించి కూడగట్టేవే మాయమవుతాయి. నోరు పారేసుకోనిస్తారు, కాలు కదపనివ్వరు.

పాత చందాదారు:
కదపనివ్వరా? అదే ఏడాది నవంబర్‌లో షిన్‌జియాంగ్‌లోని ఉరుంచి నగరంలో అపార్ట్‌మెంట్ తగలబడి 10 మంది చనిపోయాక, కోవిడ్ ఆంక్షల వల్లే బయటపడలేకపోయారన్న కోపంతో షాంఘై, బీజింగ్ వీధుల్లో, నోరెత్తనివ్వట్లేదని చెప్పడానికి ఏమీ రాయని తెల్ల కాగితాలు పట్టుకుని నిలబడ్డది ఎవరండీ? డిసెంబర్ 7కల్లా కోవిడ్ ఆంక్షలు సడలించారు.

తిరిగొచ్చిన డాక్టరు:
అన్నా, నేనప్పుడు అక్కడే ఎంబీబీఎస్ చదువుతున్నా. మీ ఇద్దరి మాటా నిజమే, కానీ గోదారిగట్టు గారి వైపే ఒక మెట్టు ఎక్కువ. టిఫిన్ కొనాలన్నా వీచాట్ యాపే, ఇంటికి కబురు చెప్పాలన్నా వీచాటే, హెల్త్ కోడ్ చూపించాలన్నా అదే. అకౌంట్ పోతుందన్న భయంతో మా గ్రూపులో ఆ తెల్ల కాగితం ఫొటో ఒక్కరం కూడా ఫార్వర్డ్ చేయలేదు. ఎవరూ బెదిరించలేదు, మాకు మేమే ఆగిపోయాం.

పాత చందాదారు:
మరి నిలబడ్డవాళ్ల సంగతేంటి తమ్ముడూ?

తిరిగొచ్చిన డాక్టరు:
ఆ తర్వాత షాంఘైలో పోలీసులు దారిన పోయేవాళ్ల ఫోన్లు తెరిపించి వీపీఎన్ (నిషేధించిన సైట్లు చూడనిచ్చే యాప్), అక్కడ నిషేధంలో ఉన్న టెలిగ్రామ్ ఉన్నాయేమోనని వెతికారన్నా. నాది వేరే ఊరే. అయినా ఆ రాత్రే నేను రెండూ తీసేశా.