టేకు పలక చీలుస్తుంటే కోత మధ్యలో పొట్ట వస్తోంది, ఏ బ్లేడు వేయాలి?

ప్రశ్న:
అన్నలూ, మాది చిన్న వడ్రంగి షాపు. 14 అంగుళాల బ్యాండ్ సా (పట్టీలాంటి బ్లేడు చక్రాల మీద తిరిగే రంపం మెషీన్) ఉంది. పాత పెంకుటిల్లు పడగొడుతుంటే కొన్న టేకుని 6 అంగుళాల ఎత్తులో నిలబెట్టి పలకలుగా చీలుస్తున్నాను. పైన గీత మీదే పోతోంది. తీసి చూస్తే మధ్యలో ఒక పక్కకి పొట్ట వచ్చినట్టు ఉంటోంది. కాలిన వాసన కూడా. బ్లేడు కొత్తదే, అర అంగుళం వెడల్పు, అంగుళానికి 10 పళ్ళు. నున్నగా వస్తుందని సన్న పళ్ళది కొన్నాను. మెషీన్ లోపమా?

జవాబు:
మెషీన్‌ని తిట్టకు తమ్ముడూ. అంగుళానికి 10 అంటే ఆ చెక్కలో ఒకేసారి 60 పళ్ళు ఉంటాయి. ఒక్కో పన్ను తీసిన పొట్టు చెక్క దాటేదాకా దాని పక్క సందులోనే ఉండాలి. సన్న పళ్ళకి సందులూ చిన్నవే, సగం దారిలోనే నిండిపోతాయి. ఆ తర్వాత పన్ను కోయదు, రుద్దుతుంది. నువ్వేమో ఇంకా గట్టిగా తోస్తావు. బ్లేడు పక్కకి వంగుతుంది. అదే నీ పొట్ట.

వెడల్పు అర అంగుళమే ఉంచు, అంగుళానికి 3 పళ్ళది తెచ్చుకో. హుక్ టూత్ అని అడుగు, పళ్ళు ముందుకు వాలి ఉంటాయి. కోత గరుకుగా వస్తుంది, రానీ. ఎలాగూ చిత్రిక పడతావు కదా. ముప్పావు అంగుళందైతే ఇంకా తిన్నగా పోతుందని ఎవరైనా చెబుతారు. దానికి సరిపడా టెన్షన్, అంటే బిగుతు, ఇవ్వడం నీ సైజు మెషీన్ వల్ల కాదు.

పాత ఇంటి చెక్క అన్నావు, మేకులు చూశావా? తల విరిగిన మేకు పైకి కనపడదు. అయస్కాంతం పెట్టి తడుము. నేనొకసారి బద్ధకించి కొత్త బ్లేడు పోగొట్టుకున్నాను. ఒక వైపు పళ్ళు మొద్దుబారినా చాలు, కోత పదునున్న వైపుకి లాగేస్తుంది.

ఇంకొకరు:
గైడ్లు (బ్లేడు అటూ ఇటూ పోకుండా పట్టే భాగాలు) కూడా చూసుకోండి. ప్లగ్ పీకి, పక్క గైడుకీ బ్లేడుకీ మధ్య కాగితం మందం సందు ఉంచండి. వెనక బేరింగ్ ఖాళీగా తిరిగేటప్పుడు బ్లేడుకి తగలకూడదు, చెక్క తోసినప్పుడే తగలాలి. పై గైడు చెక్కకి పావు అంగుళం ఎత్తులో చాలు.

మరో ప్రశ్న:
పొణికి చెక్కలో బొమ్మల వంపులు కోయాలి. ఇదే బ్లేడు పనికొస్తుందా?

జవాబు:
రాదు. అర అంగుళం బ్లేడు దాదాపు రెండున్నర అంగుళాల వ్యాసార్ధం కన్నా చిన్న వంపు తిరగదు. పావు అంగుళం బ్లేడు వేయండి, ముప్పావు అంగుళం వ్యాసార్ధం దాకా తిరుగుతుంది. ఇంకా చిన్న వంపైతే ముందు పక్కల నుంచి అడ్డకోతలు పెట్టుకోండి.

మొదట అడిగినవారు:
అన్నా, 3 పళ్ళది తెచ్చాను. అసలు కోయడమే లేదు, పొగ వస్తోంది!

జవాబు:
ఆపు. బల్ల దగ్గర పళ్ళు కిందికి చూస్తున్నాయా, పైకా?

మొదట అడిగినవారు:
పైకి... విప్పి, చొక్కా తిరగేసినట్టు లోపలి వైపు బయటికి తిప్పి ఎక్కించాను. ఇప్పుడు పొట్టు పిండిలా కాకుండా రవ్వలా రాలుతోంది. కోత మధ్యలో పొట్ట లేదు.

జవాబు:
రాత్రి షాపు మూసేటప్పుడు టెన్షన్ వదులు చెయ్. పొద్దున మళ్ళీ బిగించడం మర్చిపోకు.