సబ్‌మెరైన్ మీద ఫిరంగి: పనికొచ్చిందా, దండగేనా?

బీచ్‌రోడ్డు: విశాఖలో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ కురుసుర ఎక్కి చూశాను. టార్పెడోలు (నీళ్లలో దూసుకెళ్లి ఓడను పేల్చేవి) వదిలే గొట్టాలు పది ఉన్నాయి, పైన ఒక్క ఫిరంగి లేదు. పాత జర్మన్ సబ్‌మెరైన్ల ఫొటోల్లో మాత్రం డెక్ మీద ఇంత గన్ కనిపిస్తుంది. నీళ్లలో దాక్కునేదానికి గన్ దేనికండీ? శుద్ధ దండగ.

పాతనౌక: దండగ ఎలా అవుతుంది తమ్ముడూ? 1916 వేసవిలో జర్మన్ సబ్‌మెరైన్ యూ-35 మధ్యధరా సముద్రంలో ఒక్క విడతలో 54 ఓడలు ముంచింది. అందుకు వాడిన టార్పెడోలు నాలుగే, ఎక్కువ పని గన్‌దే! రెండో యుద్ధంలోనూ జర్మన్ల టైప్ 7 రకం సబ్‌మెరైన్‌లో పట్టే టార్పెడోలు 14. వాటిని చిల్లర ఓడల మీద తగలేస్తే, పెద్ద ట్యాంకర్ ఎదురైనప్పుడు చూస్తూ కూర్చోవాలి.

గోదారిగట్టు: మాస్టారూ, ఎదుటి ఓడకు గన్ లేనంతకాలమే ఆ వైభవం. వాడికి నాలుగు చిల్లులు పడ్డా తేలుతూనే ఉంటాడు. సబ్‌మెరైన్ లోపలి గోడకు ఒక్కటి పడితే చాలు, ఇక నీళ్లలోకి దిగలేదు. బ్రిటన్ క్యూ-షిప్పులు చేసిందీ అదే: సరుకు ఓడ వేషంలో దగ్గరికి రానిచ్చి, దాచిన ఫిరంగులు బయటికి తీసేవి.

కరీబియన్ దీవి అరూబా సంగతి చూడండి. 1942 ఫిబ్రవరి 16న యూ-156 అక్కడి చమురు శుద్ధి కర్మాగారం మీద కాల్పులకు దిగింది. నీళ్లు పోకుండా ఫిరంగి గొట్టం మూతికి బిగించిన బిరడా తీయకుండానే పేల్చారు. గొట్టం కొస చీలిపోయింది. ఒకడు చనిపోయాడు, గన్ ఆఫీసర్‌కు కాలు పోయింది.

పాతనౌక: సగం కథే చెప్పారే! చీలిన కొసను రంపంతో కోసి పారేసి, ఆ మొండి గన్‌తోనే తర్వాత ఓడలు ముంచారు. అమెరికా వాళ్లయితే తమ 5 అంగుళాల గన్‌ను తుప్పు పట్టని లోహంతో చేసి, అసలు బిరడా గొడవే లేకుండా చూసుకున్నారు. జపాన్ చిన్న పడవలకు అది చాలు, టార్పెడో ఎందుకు?

ఉప్పుగాలి: ఇద్దరూ విమానాన్ని మరిచారు. గన్ దగ్గరికి మనుషులు వచ్చి గుండ్లు అందించుకుంటుండగా విమానం కనిపిస్తే, వాళ్లందర్నీ లోపలికి దించేదాకా మునగడానికి లేదు. అందుకే 1943లో టైప్ 7 నుంచి డెక్ మీది ఫిరంగి తీసేయమన్నారు. విమానాలను కాల్చే గన్లు పెరిగాయి. యుద్ధం తర్వాత నీటి అడుగున వేగమే ముఖ్యమైంది. డెక్ మీద ఏది పొడుచుకొచ్చినా నీరు అడ్డం పడుతుంది. కురుసుర మీద లేనిది అందుకే.

బీచ్‌రోడ్డు: మరి ఫ్రెంచ్ వాళ్లు తమ సబ్‌మెరైన్ సుర్కూఫ్ మీద క్రూయిజర్లకు (పెద్ద యుద్ధనౌకలకు) పెట్టే 203 మి.మీ. గన్లు రెండు పెట్టారుగా, దాన్నీ వెనకేసుకొస్తారా మాస్టారూ?

పాతనౌక: దాన్ని మాత్రం నా మీదికి తోయకండి.