వడ్ల మిల్లు బుష్‌లకు గుంటలు పెట్టిస్తే నిజంగా రాపిడి తగ్గుతుందా?

రాజాం మిల్లు మెయింటెనెన్స్:
సొరచేప చర్మం, కూజా మొక్క చూసి నేర్చుకున్న సన్న గుంటల ఉపరితలం వేస్తే నూనెలో తిరిగే భాగాలకు రాపిడి బాగా తగ్గుతుందంటున్నారు. మన మిల్లులో రెండు చోట్ల గన్‌మెటల్ బుష్‌లు (షాఫ్టు లోపల తిరిగే కంచు రకం గొట్టాలు) ఉంటాయి: జల్లెడ ఊగే చేతి పిన్ను దగ్గర ఒకటి, నిమిషానికి 300 చుట్లు తిరిగే 25 మి.మీ. కన్వేయర్ షాఫ్టు దగ్గర ఒకటి. వీటి లోపల చిన్న డ్రిల్లుతో గుంటలు కొట్టించాలా, సింటర్డ్ బుష్ (లోహప్పొడిని నొక్కి కాల్చి చేసింది, సన్న బెజ్జాల నిండా నూనె ఉంటుంది) వేయాలా, నున్నగా ఉంచి గ్రీజు పెట్టుకోవాలా?

బొబ్బిలి లేత్:
తిరిగే షాఫ్టుకి డ్రిల్లు గుంటలు వద్దండీ. అక్కడ షాఫ్టుని మోసేది కొన్ని మైక్రాన్ల నూనె పొర. అర మి.మీ. లోతు గుంట అంటే 500 మైక్రాన్లు. పొరలో పుట్టిన ఒత్తిడి ఆ గోతిలోకి జారిపోతుంది, షాఫ్టు కిందికి దిగి లోహం మీద లోహం రాస్తుంది. లేజరుతో వేసే గుంట వెడల్పు సుమారు 100 మైక్రాన్లు, లోతు 5 నుంచి 10. 25 బోరు, 30 పొడవు ఉన్న బుష్‌లో బరువు పడే సగం వైపు పదో వంతు జాగా వరకే గుంటలు వేసినా 15 వేలు కావాలి. ఏ లేత్ మీద కొడతారు?

విజయనగరం ట్రైబాలజీ:
లేజరు గుంటలో ఇంకో చిక్కుంది. కరిగిన లోహం గుంట చుట్టూ గట్టులా లేచి గట్టిపడుతుంది. ల్యాపింగ్‌తో (సన్న పేస్టుతో రుద్ది) దాన్ని తీయకపోతే షాఫ్టుని ఆకురాయిలా కోస్తుంది. బోరంతా గుంటలతో నింపినా నష్టమే, బరువు మోసే శక్తి తగ్గొచ్చు.

సొరచేప మాట ఇక్కడ పనికిరాదు. దాని చర్మం మీది సన్న గాడులు సుడులు తిరిగే నీళ్ళలో ఈడ్పు తగ్గిస్తాయి. బుష్‌లో నూనె పొర అంత పల్చన కాబట్టి అక్కడ సుడే పుట్టదు. కూజా మొక్క అంచు తడిపొరని పట్టి ఉంచి చీమని జార్చుతుంది, దాని మీద పడే బరువు చీమదే. మనకి పాఠం చెప్పేది మోకాలి మృదులాస్థి. అందులో 70 నుంచి 80 శాతం నీరే. కాలు మోపితే ఆ నీరే ముందు బరువు మోసి, నొక్కుడికి పైకి ఊరుతుంది. కాలు ఎత్తితే మళ్ళీ లోపలికి పోతుంది. సింటర్డ్ బుష్ పనిచేసేదీ దాదాపు అలాగే: తిరిగి వేడెక్కితే నూనె బయటికొస్తుంది, ఆగి చల్లారితే బెజ్జాలు వెనక్కి పీల్చుకుంటాయి.

టెక్కలి డీజిల్ మెకానిక్:
గీతలే వద్దంటే ఎలా బావూ? ఇంజను సిలిండర్ లైనర్‌కి హోనింగ్ గీతలు (సానరాళ్ళతో వేసే సన్న అడ్డగీతలు) లేకపోతే, గ్లేజ్ పట్టి అద్దంలా నున్నబడిన లైనర్ మీద నూనె నిలవదు, పిస్టన్ రింగులు కూర్చోవు. ప్లాటో హోనింగ్‌లో కొండలు కోసేసి లోయల్ని మిగులుస్తాం. రింగు పైనా కిందా ఆగి తిరిగే చోట నూనెనిచ్చేది ఆ లోయలే.

బొబ్బిలి లేత్:
సరిగ్గా పట్టారు. ఆగి తిరిగే చోటే! జల్లెడ పిన్ను పూర్తిగా తిరగదు, ఊగుతుంది. అక్కడ పొర కట్టడానికి వేగమే ఉండదు, గుంట నూనె గాబులా పనిచేస్తుంది. పిన్నుకి లోతు గుంటలు కొట్టి గ్రీజు నింపితే తప్పు లేదు. షాఫ్టుకి కొట్టడమే తప్పు.

రాజాం మిల్లు మెయింటెనెన్స్:
అయితే షాఫ్టుకి సింటర్డ్ వేస్తే మోటారు ఆంపియర్లలో తేడా కనబడుతుందా?

విజయనగరం ట్రైబాలజీ:
కనబడదు. 500 న్యూటన్ల బరువు, రాపిడి గుణకం 0.1 అనుకోండి. 300 చుట్ల దగ్గర ఉపరితల వేగం సెకనుకి 0.39 మీటర్లు, పోయే శక్తి 20 వాట్లు. గుణకం సగమైనా మిగిలేది 10 వాట్లు. 5 హార్స్‌పవర్ మోటారు అంటే 3,700 వాట్లు, క్లాంప్ మీటరు ఆ పదిని పట్టలేదు. లాభం కరెంటు బిల్లులో రాదు, బుష్ అరుగుదలలో వస్తుంది. తేడా చూడాలంటే బెల్టు తీసి షాఫ్టుని ఒకే వేగం నుంచి వదిలి, ఆగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి.

బరువు లెక్క కూడా సరిపోతుంది. ఒత్తిడి 0.67 మెగాపాస్కల్, దాన్ని వేగంతో గుణిస్తే 0.26. కంచు సింటర్డ్ బుష్‌కి మామూలుగా చెప్పే హద్దు 1.75.

బొబ్బిలి లేత్:
వేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. బోరుని రీమర్‌తో కోసి సరిచేయొద్దు, లోహం రుద్దుకుని బెజ్జాలు మూసుకుపోతాయి. మాండ్రెల్ (బోరు కొలతకి నున్నగా చేసిన కడ్డీ) మీద ఎక్కించి ప్రెస్ చెయ్యాలి. షాఫ్టు గ్రైండ్ చేసి ఉండాలి, టూలు గాట్లున్న షాఫ్టు బోరుని అరగదీసి బెజ్జాలు పూడ్చేస్తుంది. గ్రీజు అసలు వద్దు, గ్రీజుని చిక్కబరిచే సబ్బు బెజ్జాల నోళ్ళు మూసేస్తుంది. 32 బయటి కొలత బుష్‌లో ఖాళీ 20 శాతం అనుకుంటే పట్టే నూనె 2 సీసీ లోపే. అది ఎండితే 68 గ్రేడ్ నూనె 80 డిగ్రీలకి వేడిచేసి, బుడగలు ఆగేదాకా ముంచి, నూనెలోనే చల్లార్చండి.

నెల్లిమర్ల జూట్ ఫిట్టర్:
దుమ్ము సంగతి ఎవరూ ఎత్తట్లేదేటి? జనపనార పీచు బుష్ మొహానికి అంటుకుంటే దీపం వత్తిలా నూనె లాగేస్తుంది. ఆ 2 సీసీ ఎన్నాళ్ళొస్తుంది? మీ దగ్గర ఊక దుమ్ము. ఊకలో సిలికా ఉంటుంది, అది నూనెతో కలిస్తే రుద్దుడు పేస్టే. నా ఓటు నున్న బుష్‌కే. గ్రీజు కొత్తది ఎక్కిస్తే పాతది దుమ్ముతో సహా బయటికి నెట్టుకొస్తుంది. సింటర్డ్‌లో ఆ కడుగుడు లేదు.

విజయనగరం ట్రైబాలజీ:
ఈ అభ్యంతరం బలమైనదే. గుంటల్లో మొదట కొంత చెత్త చిక్కి షాఫ్టుకి మేలు చేస్తుంది, నిండాక ఆ మేలూ ఉండదు. దుమ్ము ఆపలేని చోట గ్రీజు బుష్సే ఉంచండి. కవరు బిగించగలిగిన కన్వేయర్ షాఫ్టుకి సింటర్డ్ వేసి, రెండు మొహాలకీ ఫెల్ట్ (నొక్కిన ఉన్ని) రింగు పెట్టండి. ఫెల్ట్‌ని అదే నూనెలో రాత్రంతా నానబెట్టాకే బిగించాలి. ఎండు ఫెల్ట్ పెడితే పీచు చేసే పనే అదీ చేస్తుంది, బుష్‌లో నూనె తాగేస్తుంది.